లోపలి మనిషి

జనవరి 12

మిరియానికి,

మీ అన్నయ్య పెట్టిన పేరుతోనే పిలుస్తున్నాను, కోప్పడకు. గింజంత ఉండి నోరు మండించేదానివని పెట్టారట కదా. ఇంత పెద్ద ఉద్యోగం చేస్తున్నా నువ్వు మాకు మిరియానివే.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. మాది రెండు గదుల ఇల్లు. ముందుగదిలో నా కుట్టుమిషను, వెనకగదిలో మంచం, మధ్య తలుపు సరిగ్గా పడదు. నీతో ఫోన్లో మాట్లాడితే ప్రతి ముక్కా ఆయన చెవిన పడుతుంది. మాట్లాడాల్సింది ఆయన గురించే.

మీ అన్నయ్య మారిపోయారు. లేక మొదట్నుంచీ ఇంతేనేమో, పిల్లాజెల్లా లేని ఇంట్లో నాకు ఇప్పుడు తీరిక దొరికి కనిపెడుతున్నానేమో. పిలిస్తే పలకరు. మళ్ళీ పిలిస్తే "వింటున్నా, చెప్పు" అని విసుక్కుంటారు. మనసు ఎక్కడుంటుందో ఏమో, మొన్న తలుపు గొళ్ళెం ఊడింది చూడమంటే ఆకలి లేదన్నారు. పక్కింటివాళ్ళు వచ్చి కూర్చుంటే కాసేపు నవ్వుమొహం పెట్టి, మెల్లగా లేచి వెనకగదిలోకి జారుకుంటారు. వాళ్ళ ముందు నా తల తీసేసినట్టుంటుంది.

ఇవన్నీ సరే. ప్రెస్‌లో ఆయన్ని సూపర్‌వైజర్‌గా చెయ్యమని యజమాని అడిగితే వద్దన్నారట. ఇన్నేళ్ళు ఆ అచ్చు మిషన్ల మధ్య నిలబడి పనిచేసిన మనిషికి కుర్చీ ఇస్తామంటే వద్దనడమేమిటి? అదైనా నాకు ఆయన చెప్పలేదు. అక్కడ పుస్తకాలు బైండింగ్ చేసే ఆవిడ పని బట్టలు కుట్టించుకోవడానికి వచ్చి, నాకు తెలుసనుకుని మాటల్లో అనేసింది. నాకూ తెలిసినట్టే తలూపాను.

నువ్వు ఆయనతో కలిసి పెరిగినదానివి. పైగా మనుషుల స్వభావాలకు పరీక్షలు పెట్టడమే నీ ఉద్యోగం. ఈ మనిషిని ఎలా అర్థం చేసుకోవాలో కాస్త చెప్పు.

మీవారిని, అన్నయ్యగారిని అడిగానని చెప్పు.

మీ వదిన


జనవరి 27

వదినా,

నీ ఉత్తరం చూసి నవ్వొచ్చింది, జాలీ వేసింది. నవ్వు గొళ్ళెం దగ్గర. జాలి మీ ఇద్దరి మీదా.

నా పనేమిటో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ఆఫీసుల వాళ్ళు తమ సిబ్బందిని మా దగ్గరికి పంపుతారు. ఒక్కొక్కరికీ అరవై ప్రశ్నల కాగితం ఇస్తాం. "అవును", "కాదు" అని గీతలు పెడితే మనిషి ఏ టైపో తేలుతుంది. కొందరు బయటి మనుషులు, పదిమందిలో ఉంటేనే ప్రాణం లేచొస్తుంది. కొందరు లోపలి మనుషులు, పదిమందిలో ఉంటే అలిసిపోతారు. కొందరు ఏ సంగతైనా మనసుతో తేలుస్తారు, కొందరు తలతో. ఇలాంటివే ఇంకో రెండు జతలు. మొత్తం పదహారు టైపులు. మొన్న ఒక ఆఫీసు నుంచి మేనేజరూ, ఆయన కింద పనిచేసే గుమాస్తా పక్కపక్కనే కూర్చుని రాశారు. ఏళ్ళ తరబడి పడనివాళ్ళు. ఫలితాలు చూసుకుని, "ఓహో, నీది ఇది కాబట్టా!" అని ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. అలాంటివి చూసినప్పుడు నా పని మీద నాకు గౌరవం పెరుగుతుంది.

అన్నయ్య సంగతి నన్నడిగితే, ఎప్పుడూ అంతే. ఇంటికి ఎవరైనా వస్తే నేను గుమ్మంలో, తను మేడమెట్ల మీద. ఒక్క కాగితం కూడా నింపకుండా ఏ టైపో చెప్పగలను. అయినా నీకు నమ్మకం కుదరాలి కాబట్టి రెండు కాగితాలు పంపుతున్నాను. నువ్వొకటి, తనొకటి. ఒకరిది ఒకరు చూడకూడదు. ఎక్కువ ఆలోచించకూడదు. నింపి పంపించు.

అడిగినవాళ్ళకు నేను బాగానే ఉన్నాను.

మిరియం


ఫిబ్రవరి 19

మిరియమా,

రెండు కాగితాలూ ఇందులో పెట్టాను. నాది నింపడానికి టీ చల్లారేంత సేపు పట్టింది. ఆయనది నింపించడానికి ఇన్నాళ్ళు పట్టింది.

మొదట ఇదెందుకన్నారు. మిరియం పంపిందన్నాను. నీ పేరు చెబితే కాదనలేరు కదా. కళ్ళజోడు పెట్టుకుని, అచ్చు తప్పులు దిద్దేవాడిలా వేలు పెట్టి ఒక్కో వరసా చదివారు. చూడొద్దన్నావు గానీ చూశాను. పక్కనే గుండీలు కుడుతూ ఓరకంట చూశాను. "నలుగురు ఒకేసారి మాట్లాడుతుంటే నాకు అలసటగా ఉంటుంది" దగ్గర కాగితం చిరిగేలా "అవును" మీద గీత పెట్టారు. "ఫోన్లో మాట్లాడటం తప్పించుకుంటాను" అవును. "గుంపులో ఉంటే పక్కనున్న ఒక్కరితోనే మాట్లాడతాను" అవును. "నోటితో చెప్పినదానికంటే కాగితం మీద రాసింది నాకు బాగా తలకెక్కుతుంది" అవును. "ఒంటరిగా ఉంటే హాయిగా ఉంటుంది" దగ్గర మాత్రం కలం ఎత్తి చాలాసేపు కిటికీలోంచి చూశారు. చివరికి దానికీ అవుననే పెట్టారు.

ఆ ఒక్క గీత నాకు గుచ్చుకుంది. నేను ఉన్న ఇంట్లో కూర్చుని ఒంటరిగా ఉంటే హాయి అని గీత పెట్టారు చూడు.

త్వరగా ఫలితం పంపు. అన్నయ్యగారికి నా నమస్కారాలు. ఆయన కాగితం కూడా ఎప్పుడైనా నింపించావా?

వదిన


మార్చి 5

వదినా,

నేను చెప్పలేదూ? అన్నయ్య అచ్చమైన లోపలి మనిషి. తలతో తేల్చే రకం. ఇంత స్పష్టంగా వచ్చిన కాగితం ఈ మధ్య నేను చూడనేలేదు. నువ్వేమో బయటి మనిషివి, మనసుతో తేల్చే రకం. ఒక కొసకు తను, ఇంకో కొసకు నువ్వు. ఇన్నేళ్ళు ఎలా నెట్టుకొచ్చారా అనిపించింది.

దీంట్లో తప్పు ఎవరిదీ కాదు. తను పలకకపోవడం నీ మీద లక్ష్యం లేక కాదు. లోపలి మనిషికి మాటలు బరువు. ప్రెస్‌లో రోజంతా మోసి ఇంటికొస్తాడు, ఇంట్లో దింపుకోవాలి. కాబట్టి నేను చెప్పినట్టు చెయ్యి. పక్కగదిలోంచి కేకలు పెట్టకు. ఒకసారి పిలిచి పలక్కపోతే ఊరుకో. వచ్చినవాళ్ళ దగ్గర కూర్చోమని బలవంతపెట్టకు. నీ కుట్టుమిషను చప్పుడు కూడా తనకు దూరంగా ఉంటే మంచిది. సూపర్‌వైజర్ పని వద్దనుకోవడం తనకు తన గురించి తెలుసనడానికి గుర్తు. పదిమందిని అదిలించే పని లోపలి మనిషికి శిక్ష. ఆ మాట ఎత్తకు.

నాకూ ఒకసారి అన్నయ్య తలతో తేల్చే గుణం తగిలింది వదినా. ఎప్పుడో నీకు తెలుసు, విప్పి రాయను. ఆ మాట తగిలి చాలా రోజులు అన్నం సహించలేదు. తర్వాత ఈ ఉద్యోగంలో చేరి టైపుల గురించి చదివాక, అది తన మనసు రాయి కావడం కాదు, తన తీరే అంత అని తెలిసి శాంతి దొరికింది. నీకూ దొరుకుతుంది.

ఆఫీసుల వాళ్ళకు టైపుల మీద నేను చెప్పే క్లాసులో, పేరు చెప్పకుండా మన ఇంటి సంగతి చెప్పాను. "ఒక అచ్చుపని మనిషి, ఒక దర్జీ" అని. అందరూ తెగ నవ్వారు. బాగా గుర్తుండిపోతుందన్నారు.

మిరియం


మే 8

మిరియమా,

నీ నోట్లో చక్కెర పొయ్యాలి. నీ మాట విన్నాను, ఇల్లు కుదుటపడింది.

కుట్టుమిషను వెనకగదిలోకి, మంచం ముందుగదిలోకి మార్చాను. మంచం కాళ్ళు గుమ్మంలో పట్టక బైండింగ్ ఆవిడ సాయం పట్టాల్సి వచ్చింది. ఆయన ప్రెస్ నుంచి వచ్చేసరికి భోజనం మూతపెట్టి ఉంచుతాను, ఎప్పుడు తినాలనిపిస్తే అప్పుడు తింటారు. పిలవను. అడగను. పక్కింటివాళ్ళు వస్తే నేనే వాళ్ళింటికి తీసుకెళ్తాను. ఆసుపత్రి వాళ్ళ యూనిఫాంల పని ఈ రెండు నెలల్లో చేసినంత ఎన్నడూ చెయ్యలేదు. మా మధ్య ఒక్క గొడవ లేదు. ఇంత సులువని తెలిస్తే ముందే చేసేదాన్ని.

ఒక్కటి మాత్రం నిన్నడగాలి. ఒక సాయంత్రం ఆయన వెనకగది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఎప్పట్నుంచి నిలబడ్డారో తెలియదు. "నా మీద కోపంగా ఉందా?" అన్నారు. అయ్యో, కోపమెందుకండీ, మీ వీలు కోసమే కదా అన్నాను. చేతిలో కాలరు పని తెగక తలెత్తకుండానే అన్నాను. ఆయన ఇంకాసేపు నిలబడి వెళ్ళిపోయారు. తలతో తేల్చేవాళ్ళు ఇలాంటివి కూడా అడుగుతారా?

అన్నయ్యగారు బాగున్నారా? ఎన్ని ఉత్తరాలు రాసినా నువ్వు ఆయన ఊసే ఎత్తవు. ఈసారి ఆయన చేత రెండు ముక్కలు రాయించి పంపు.

వదిన


జూన్ 2

వదినా,

లోపలి మనిషి కూడా అప్పుడప్పుడూ బయటికి తొంగి చూస్తాడు. దాని గురించి ఎక్కువ ఆలోచించకు.

నీ ఉత్తరం చివర ప్రతిసారీ రాసే ఆ మాట ఇక రాయొద్దు. మొదట్లో మర్యాదకు రాస్తున్నావనుకున్నాను. తర్వాత, ఉత్తరం ఎవరి కంటైనా పడితే పరువు పోకుండా రాస్తున్నావనుకున్నాను. ఇప్పుడు "రెండు ముక్కలు రాయించు" అన్నావు చూడు, అది మాత్రం మనసున్నవాళ్ళు రాసే మాట కాదు. అన్నయ్య తీరు వేరనుకుని సరిపెట్టుకున్నాను. నీ కాగితం మనసుతో తేల్చేదానివని చెప్పింది. ఎక్కడో నా లెక్క తప్పినట్టుంది.

కొన్నాళ్ళు ఉత్తరాలు వద్దు.

మిరియం


జూలై 20

మిరియమా,

వద్దన్నావు కాబట్టి రాయకూడదనే అనుకున్నాను. అన్నయ్యగారిని అడగడం తప్పెలా అయిందో నాకు ఎంతకీ అందలేదు. ఆయన కాలు విరిగినప్పుడు మేం చూడ్డానికి రాలేదని మీ ఇద్దరూ మనసులో పెట్టుకున్నారనుకున్నాను. అంతకంటే రోషం వచ్చింది. నా ఉత్తరంలో మనసు లేదంటావా అని రెండుసార్లు జవాబు రాసి చించేశాను. ఇప్పుడవన్నీ పక్కన పెట్టు. మీ అన్నయ్య సంగతి చెప్పాలి.

కిందటి వారం ప్రెస్‌లో కాగితం రీళ్ళ బండి తాడు తెగి, ఏటవాలు మీంచి కిందికి దొర్లింది. ఆయన వీపు అటే. అందరూ అరిచారు. ఒకరు కాదు, హాల్లో ఉన్నవాళ్ళంతా అరిచారట. ఆయన తాపీగా సిరా డబ్బా మూత తిప్పుకుంటూ నిలబడ్డారు. బైండింగ్ ఆవిడ పరిగెత్తుకొచ్చి పక్కకు తోసింది. ఆయనకేమీ కాలేదు. బండికీ గోడకీ మధ్య ఆవిడ మణికట్టు నలిగి ఎముక విరిగింది.

యజమాని ఇంటికొచ్చి, ఆయన్ని చెవుల డాక్టరుకు చూపించేదాకా పనిలోకి రానివ్వనన్నాడు. చెవులేమిటి, మనిషి తీరే అంత అని నేను వాదించాను మిరియమా. నువ్వు నేర్పిన మాటలన్నీ అప్పజెప్పాను. ఆయన పక్కనే కూర్చుని నా నోటివంక చూస్తున్నారు.

పరీక్ష గదిలో నన్నూ కూర్చోనిచ్చారు. పరీక్ష చేసే అమ్మాయి ఒక అట్టముక్క నోటికి అడ్డం పెట్టుకుని ఒక్కో మాట అంటుంది, ఆయన తిరిగి చెప్పాలి. "సబ్బు" అంది. ఆయన "డబ్బు" అన్నారు. "చేప" అంటే "రేపు" అన్నారు. "కుర్చీ" అంటే ఏమీ అనలేదు. తప్పు చెబుతున్నానని తెలియకుండా, బడిలో పాఠం అప్పజెప్పినట్టు, ఎంత శ్రద్ధగా చెప్పారో. అట్టముక్క తీసేసి అదే గొంతుతో అంటే అన్నీ సరిగ్గా చెప్పారు. "ఈయన చాలాకాలంగా పెదాలు చూసి వింటున్నారమ్మా. ఇంట్లో ఎవరూ గమనించలేదా?" అని ఆ అమ్మాయి నన్నడిగింది. నేల చూశాను.

మిషన్ల హోరుకు రెండు చెవులూ కొద్దికొద్దిగా పోయాయట. ఆయనకు మూడేళ్ళుగా తెలుసు. తెలిస్తే మిషను మీంచి తీసేస్తారని దాచారు. సూపర్‌వైజర్ అయితే ఫోన్లెత్తాలి, మీటింగుల్లో కూర్చోవాలి, అందుకే వద్దన్నారు. వినపడకపోతే ఏం చేసేవారని అడిగాను. "మంచిది, మంచిది అంటే చాలామంది తృప్తిపడి వెళ్ళిపోతారు" అన్నారు.

మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను. ఆయన చెప్పింది నీకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"నీకు తెలిసిపోయిందనుకున్నా. అరిచి అరిచి విసుగొచ్చి మాట్లాడటం మానేశావనుకున్నా. మిషను కూడా లోపలికి మార్చుకున్నావు. అడుగుదామని ఒకరోజు వచ్చాను. నువ్వేదో అన్నావు, తలొంచుకుని అన్నావు. కోపమేననుకున్నా."

ఆయనకు వినపడుతుందని ఫోన్ చెయ్యకుండా నీకు ఉత్తరాలు రాశాను చూడు.

వదిన


ఆగస్టు 6

వదినా,

నీ ఉత్తరం ఆఫీసుకు వచ్చింది. మెట్ల మీద కూర్చుని చదివాను. క్లాసులోకి వెళ్ళలేక ఒంట్లో బాగాలేదని చెప్పి ఇంటికొచ్చేశాను.

అన్నయ్య కాగితం తీసి మళ్ళీ చూశాను. నలుగురు మాట్లాడుతుంటే అలసట. ఫోన్ తప్పించుకోవడం. పక్కనున్న ఒక్కరితోనే మాట్లాడటం. రాసింది బాగా అర్థం కావడం. చెవులు పోతున్న మనిషి తన బాధను ఒక్కో గీతగా పెట్టి నా చేతికిచ్చాడు. నేను కూడికలు వేసి పేరు పెట్టాను. "ఇంత స్పష్టమైన కాగితం చూడలేదు" అని గొప్పగా రాశాను కూడా. కాగితం తప్పేం చెప్పలేదు. తను ఎలా ఉన్నాడో చెప్పింది, ఎందుకలా ఉన్నాడో నేనే అడగలేదు. క్లాసులో అంతమంది నవ్వింది చెవిటి మనిషిని చూసి. నవ్వించింది తన చెల్లెలు.

ఇంకొకటుంది. నీ ఉత్తరంలో "మంచిది, మంచిది" అన్న చోట చదవడం ఆగిపోయింది.

రెండేళ్ళ క్రితం ప్రెస్‌కి ఫోన్ చేశాను. ఇంటికి చేస్తే నువ్వెత్తుతావు, నీ గొంతు వింటే ఏడుస్తానని ప్రెస్‌కి చేశాను. వెనక మిషన్లు తిరుగుతున్నాయి. "అన్నయ్యా, ఆయన నన్ను వదిలేసి వెళ్ళిపోయాడు. ఇంకొకామెతో ఉంటున్నాడు. ఇక రాడు" అన్నాను. అప్పటి ఆఫీసులో పక్కవాళ్ళకు తెలియకూడదని గొంతు తగ్గించి అన్నాను. "మంచిది, మంచిదే. పనిలో ఉన్నా. మీ వదినకు చెబుతాలే" అని పెట్టేశాడు.

నీకు చెప్పాడనే అనుకున్నాను. ఒక్క ఫోను రాలేదు, ఒక్క మనిషి రాలేదు. అన్నయ్య తలతో తేల్చుకున్నాడనీ, అలాంటివాడు పోవడమే మంచిదని లెక్క వేసుకున్నాడనీ అనుకున్నాను. తనను ద్వేషించకుండా ఉండటానికి నాకు ఒక కారణం కావాలి వదినా. టైపులో దొరికింది. అది తప్పని తేలితే మళ్ళీ ద్వేషించాల్సి వస్తుందని దాన్ని అంత గట్టిగా పట్టుకున్నాను. నిన్ను కూడా దానికి కట్టేశాను.

నీకూ తెలియదన్నమాట. నువ్వు నిజంగానే ఆయన్ని అడిగావన్నమాట. నేను రాసిన ఆ జూన్ ఉత్తరం చించెయ్యి.

మిరియం


సెప్టెంబరు 3

మిరియమా, నా తల్లీ,

రెండేళ్ళు ఒక్కదానివే ఉన్నావు. పుండు మీద కారం చల్లినట్టు ప్రతి ఉత్తరంలోనూ ఆయన ఎలా ఉన్నారని అడిగాను. నీ క్షమాపణ నాకెందుకు? అడిగిన నోరు నాది.

తప్పంతా నీ మీద వేసుకుంటున్నావు. అది కుదరదు. నా వాటా ఒకటుంది, ఎవరికీ చెప్పలేదు, నీకు చెబుతున్నాను. ఆ నాలుగు నెలలు నాకు హాయిగా ఉంది. నువ్వు చెప్పావు కాబట్టి ఊరుకున్నానని అందరికీ చెప్పుకోవచ్చు. కానీ చెప్పింది మూడోసారి చెప్పక్కర్లేదు, ఎదురుచూడక్కర్లేదు, ఆయన మొహం చూడక్కర్లేదు. నా పని నేను చేసుకున్నాను, కంటినిండా నిద్రపోయాను. గుమ్మంలో నిలబడిన మనిషి కోసం తలెత్తడానికి ఎంతసేపు పడుతుంది? కాలరు ఎక్కడికీ పోదు కదా. నీ టైపు నన్నాపలేదు. ఎత్తబుద్ధి కాలేదు, అంతే.

బైండింగ్ ఆవిడకు కట్టు విప్పారు. వేళ్ళు ఇంకా పూర్తిగా ముడవడం లేదు. రోజూ సాయంత్రం మీ అన్నయ్య వెళ్ళి వాళ్ళింట్లో నీళ్ళు పట్టి వస్తున్నారు. వద్దంటే వినడం లేదు. "వినపడదు కదా, ఎలా వింటాడు" అని ఆవిడే నవ్వుతుంది. ఆయనా నవ్వుతారు. నాకు మాత్రం నవ్వు రాదు.

చెవి మిషన్లు వచ్చాయి. పెట్టుకుని మొదట చిరాకుపడ్డారు. గిన్నెల చప్పుడుకు ఉలిక్కిపడుతున్నారు. ప్రెస్‌లో ఇక మిషను దగ్గరికి పంపరట, అచ్చు తప్పులు దిద్దే బల్ల దగ్గర కూర్చోబెడతామన్నారు.

నీ సంగతి నా నోటితో ఆయనకు చెప్పలేకపోయాను. మిరియం మీతో ఒక మాట చెప్పాలట, వెళ్ళి రండి అని మాత్రం అన్నాను. వచ్చే శనివారం బండికి వస్తున్నారు. స్టేషనుకు వెళ్ళు. వెనకనుంచి పిలవకు, ఎదురుగా వెళ్ళు.

వదిన


సెప్టెంబరు 18

వదినా,

అన్నయ్య క్షేమంగా చేరే ఉంటాడు. తను నీకేం చెప్పాడో తెలియదు. తక్కువే చెప్పి ఉంటాడు, అందుకని రాస్తున్నాను.

స్టేషనులో ఎదురుగా వెళ్ళాను. సన్నబడ్డాడు. నన్ను చూసి "ఇవి పెట్టుకుంటే అన్నీ వినపడుతున్నాయే, ఇంత గోల ఎలా భరిస్తారు మీరంతా?" అన్నాడు. బండి గోల భరించలేక చెవి మిషన్లు తీసి జేబులో వేసుకున్నానన్నాడు.

నా గదిలో ఉన్నది ఒక్కటే కుర్చీ. తనను కుర్చీలో కూర్చోబెట్టి నేను పెట్టె మీద కూర్చున్నాను. రెండో కుర్చీ ఏదని తను అడగలేదు. గదంతా చూశాడు. నేను మామూలు గొంతుతో మొదలుపెట్టాను. మిషన్లు ఇంకా జేబులోనే ఉన్నాయి. చెయ్యి ఎత్తి గట్టిగా చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. అందలేదు. నా మొహంలోకి వంగి, నా పెదాలు చూస్తూ కూర్చున్నాడు.

రెండేళ్ళలో ఆ మాట నేను ఎవరితోనూ గొంతెత్తి అనలేదు వదినా. ఆఫీసులో ఊళ్ళో లేడన్నాను, ఇంటి యజమానురాలితో దూరపు ఉద్యోగమన్నాను. ఇప్పుడు వీధి వీధంతా వినపడేలా, ఒక్కో మాటా విడదీసి, "ఆయన నన్ను వదిలేశాడు" అని అరిచాను. అవతలి వాటాలో రేడియో ఆపేశారు. మళ్ళీ ఒకసారి అరిచాను. నాకోసమే అరిచానేమో.

అన్నయ్య కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. నా చెయ్యి పట్టుకుని తన మోకాలి మీద పెట్టుకున్నాడు. తర్వాత అడిగాడు.

"నువ్వు ఫోన్ చేసి చెప్పావా ఎప్పుడైనా?"

చెప్పానన్నాను.

"నేనేమన్నాను?"

నేను దీనికి సిద్ధపడి లేను వదినా. ఇన్నాళ్ళూ ఆ మాట మోసింది నేను. తన మీద విసిరేస్తే నా బరువు దిగుతుంది. ఆ మొహం చూశాక చేతకాలేదు. "ఏమీ అనలేదన్నయ్యా. నేను చెబుతుండగానే లైను తెగిపోయింది. మళ్ళీ నేనే చెయ్యలేదు" అన్నాను. సరేనన్నట్టు తలూపాడు.

అబద్ధమాడాను. ఎదుటి మనిషి స్వభావాన్ని అద్దంలో చూపిస్తామని చెప్పుకునే ఉద్యోగం నాది. ఆడాను. నువ్వు కూడా అదే చెప్పు. నీకు రాసిన సంగతి తన కంటపడనివ్వకు. తను ఇంతకంటే మొయ్యలేడు.

అన్నట్టు, ఆ క్లాసు నాకొద్దని రాసిచ్చాను. ఏమంటారో చూడాలి.

మిరియం


సెప్టెంబరు 29

మిరియమా,

నీ ఉత్తరం చదివి మిషను ముందు అలాగే కూర్చుండిపోయాను. నువ్వు చెప్పొద్దన్నది నేను అప్పటికే చెప్పేశాను.

స్టేషనుకు దింపడానికి వెళ్ళినప్పుడు నోరు ఊరుకోలేదు. ఏమీ తెలియకుండా నీ ముందు నిలబడితే మళ్ళీ ఇంకేం తప్పు మాట అంటారోనని భయం వేసింది. బండి కదలబోతుంటే కిటికీ దగ్గర నిలబడి అంతా చెప్పాను. అన్నయ్యగారు వెళ్ళిపోవడం, నువ్వు ఫోన్ చెయ్యడం, ఆయన మంచిది అనడం. అప్పటికి చెవి మిషన్లు చెవుల్లోనే ఉన్నాయి. బండి కదిలాక కిటికీలోంచి చూస్తే వాటిని తీస్తూ కనపడ్డారు. గోల భరించలేక తీశానని నీతో అన్నారట. నాకలా అనిపించలేదు.

కాబట్టి నీ గదిలో ఆ కుర్చీలో కూర్చుని అడిగేసరికి ఆయనకు జవాబు తెలుసు.

నీ ఉత్తరం చదివాక నేను వదల్లేదు. ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను. తెలిసీ దాన్నెందుకడిగారు, ఆ పిల్లను ఎందుకు ఇరుకున పెట్టారు అన్నాను.

"తిడుతుందనుకున్నా. నోరారా తిట్టించుకుందామని వెళ్ళాను" అన్నారు.

మరి తిట్టలేదుగా అన్నాను.

"అబద్ధం చెప్పింది. చిన్నప్పుడు అబద్ధం చెబితే గోడవైపు తిరిగి గొణిగేది. ఈసారి నా మొహంలోకి చూసి, ఒక్కో మాటా విడదీసి, గట్టిగా చెప్పింది. నాకు వినపడాలని. ఒక్క ముక్క పోలేదు."

వదిన